విదేశీ సాయం లెక్కలకు సొంత డేటాబేసా, తెచ్చుకున్నదా, దాతల లెక్కలా: ఏది మేలు?

ఎచ్చెర్ల యూనివర్సిటీలో ఎకనామిక్స్, సోషల్ వర్క్ చదివే పిల్లలు ప్రాజెక్టు వర్క్ మొదలయ్యే రోజుల్లో ఏటా ఇదే ప్రశ్న పట్టుకొస్తారు. ఈమధ్య పలాస, పార్వతీపురం వైపు స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసేవాళ్లు కూడా అడుగుతున్నారు. "నేపాల్‌కి ఉంది, బంగ్లాదేశ్‌కి ఉంది. వచ్చే విదేశీ సాయమంతా ఒక్కచోట కనబడే డేటాబేస్ మనకెందుకు లేదు సార్? పెట్టాలంటే ఏది మేలు?" అని. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పి చెప్పి విసుగొచ్చింది, అందుకే అందరికీ కలిపి రాసేస్తున్నాను.

నేను శ్రీకాకుళంలో స్వచ్ఛంద సంస్థల ఖాతాలు, రిటర్నులు చూసే పనిలో ఉన్నాను. ఢిల్లీ సదస్సుల్లో కూర్చునేవాళ్లకు ఈ వ్యవహారం ఎలా కనబడుతుందో గానీ, నాకు మాత్రం కంప్యూటర్ ముందు కూర్చుని అంకెలు కొట్టేవాడి వైపు నుంచే కనబడుతుంది. నా మొగ్గు అటే ఉంటుంది, ముందే చెప్పేస్తున్నాను.

దారులు నాలుగు. బయట తయారైన ప్లాట్‌ఫాం తెచ్చుకోవడం ఒకటి. దేశం సొంతంగా కట్టుకోవడం ఇంకొకటి. దాతలు అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం బయటపెట్టే లెక్కలనే వాడుకోవడం మూడోది. నాలుగోది మన పద్ధతి. ప్రత్యేకంగా ఏమీ పెట్టకుండా, అప్పుల లెక్క కేంద్ర ఆర్థిక శాఖలో, ఎన్జీవోల లెక్క హోం శాఖలో ఉంచేసి, ఎవరి గోల వారిదిగా నడిపించడం.

తెచ్చుకునేవాటిలో పేరున్నవి రెండు. డెవలప్‌మెంట్ గేట్‌వే సంస్థ ఏఎంపీ, సినర్జీ ఇంటర్నేషనల్ సిస్టమ్స్ కంపెనీ డీఏడీ. మొదటిది ఇథియోపియాలో మొదలై మలావీ, నేపాల్ లాంటి చోట్లకు వెళ్లింది. రెండోదాన్ని 2004 డిసెంబర్ సునామీ తర్వాత ఇండోనేషియా, శ్రీలంక, మాల్దీవులు, థాయ్‌లాండ్‌లలో వచ్చిపడిన సాయానికి లెక్క చూడటానికి వాడారు. ఇల్లు కాలుతుంటే బావి తవ్వుకుంటూ కూర్చోలేం కదా. అలాంటప్పుడు రెడీమేడ్‌దే మేలు. ఫారాలు, రిపోర్టులు, మ్యాపులు అన్నీ సిద్ధంగా ఉంటాయి, మనవాళ్లకు శిక్షణ ఇస్తే చాలు.

తలనొప్పి తర్వాత మొదలవుతుంది. ఫారంలో ఒక్క గడి మార్చాలన్నా తయారుచేసినవాళ్లకు రాయాలి, ఒప్పందం పొడిగించాలి, ఆ ఖర్చుకు మళ్లీ ఏదో ఒక దాత తలుపే తట్టాలి. సాయం లెక్క చూసే డేటాబేస్‌కే సాయం కావాలన్నమాట. నేపాల్ 2010లో ఏఎంపీ తెచ్చుకుంది. ఆర్థిక శాఖ దాని మీద ఆధారపడి నివేదికలు వేసింది, ప్రజలకు పోర్టల్ తెరిచింది. అంత వాడిన దేశమే 2019లో దాన్ని పక్కనపెట్టి ఏఎంఐఎస్ అని సొంతది కట్టుకుంది. ఈ ఒక్క ఉదాహరణ చాలు, ఈ దారి గురించి ఇంతకంటే చెప్పను.

దాతల లెక్కల దారి గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే పిల్లలందరూ ముందు దాని మీదే పడతారు. 2008లో ఘనా రాజధాని అక్రాలో జరిగిన సమావేశంలో దాతలు తమ సాయం లెక్కలు బయటపెట్టే ఐఏటీఐ అనే అంతర్జాతీయ ఏర్పాటు మొదలైంది. ప్రాజెక్టు పేరు, ఇస్తామన్న మొత్తం, నిజంగా విడుదల చేసిన మొత్తం, తేదీలు, అన్నీ ఒకే ఫార్మాట్‌లో ఎవరికి వారు బయటపెడతారు. వెయ్యికి పైగా సంస్థలు పెడుతున్నాయి. ఈ లెక్కలన్నీ చూపించే డీ-పోర్టల్ అనే వెబ్‌సైట్‌లోకి వెళ్లి ఇండియా అని ఎంచుకుంటే పైసా ఖర్చు లేకుండా బోలెడు సమాచారం. సెమినార్ పేపర్‌కి ఇంతకంటే సులువైనది లేదు.

అక్కడే శ్రీకాకుళం కోసం వెతకండి. ఆ ఫార్మాట్‌లో దేశం పేరో ప్రాంతం పేరో ఉండాలి గానీ, అంతకంటే లోపలి చోటు చెప్పడం తప్పనిసరి కాదు. దాంతో చాలా వరసలు "ఇండియా" దగ్గర ఆగిపోతాయి. అదృష్టం బాగుంటే "ఆంధ్రప్రదేశ్" అని ఉంటుంది. సంవత్సరాల గొడవ ఇంకొకటి. మన ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది, ప్రపంచ బ్యాంకుది జులైలో, అమెరికాది అక్టోబర్‌లో, ఆసియా అభివృద్ధి బ్యాంకు (ఏడీబీ)ది జనవరిలో. "2024లో ఎంతొచ్చింది?" అన్న చిన్న ప్రశ్నకు నాలుగు జవాబులు, నాలుగూ నిజమే.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది దాతే లేకుండా పోవడం. 1990ల్లో జిల్లా ప్రాథమిక విద్యా పథకం (డీపెప్) మొదటి విడతకు మన రాష్ట్రంలో ఎంచుకున్న ఐదు జిల్లాల్లో విజయనగరం ఒకటి. డబ్బు బ్రిటన్ ప్రభుత్వానిది. ఆ రోజుల్లో పనిచేసిన టీచర్లు ఇప్పటికీ "డీపెప్ బిల్డింగ్" అంటుంటారు. ఆ సాయం చూసిన డీఎఫ్‌ఐడీ అనే శాఖే 2020 సెప్టెంబర్‌లో వాళ్ల విదేశాంగ శాఖలో కలిసిపోయింది. అదైనా పద్ధతిగా జరిగింది. అమెరికా ప్రభుత్వ సాయం సంస్థ యూఎస్ఎయిడ్ వెబ్‌సైట్ 2025 ఫిబ్రవరి మొదట్లో ఉన్నట్టుండి మాయమైంది, జులై నాటికి సంస్థే లేదు. మన ఊళ్లో జరిగిన పనికి రికార్డు ఇంకో దేశం సర్వర్‌లో మాత్రమే ఉంటే, అక్కడ ప్రభుత్వం మారిన రోజున మన చరిత్ర కూడా పోతుంది. అందుకని ఈ లెక్కలు పక్కన పెట్టుకుని సరిచూసుకోవడానికి బాగుంటాయి గానీ, వాటినే ఆధారం చేసుకోకూడదంటాను.

ఇక నా దృష్టిలో అసలు విషయం. సాఫ్ట్‌వేర్ ఎవరిది, మ్యాపు ఎంత రంగుల్లో ఉంది అన్నది నేను చివర్లో చూస్తాను. ముందు అడిగేది రెండే ముక్కలు: డేటాబేస్‌లో ఒక్కో లైను ఎవరు కొడతారు, కొట్టకపోతే వాళ్లకు ఏమి ఆగిపోతుంది?

డిసెంబర్ నెలాఖరున విదేశీ నిధులు తీసుకునే చిన్న సంస్థ ఆఫీసుకు వచ్చి చూడండి. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద ఎఫ్‌సీ-4 అనే వార్షిక రిటర్ను మార్చితో ముగిసిన ఏడాదికి డిసెంబర్ 31లోగా వేయాలి. ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతా స్టేట్‌మెంట్ ఒకవైపు, ఇక్కడ వాడుకునే ఖాతాది ఇంకోవైపు, మధ్యలో వోచర్ల ఫైలు. విశాఖలో ఆడిటర్ "సర్టిఫికెట్ రేపిస్తాను" అంటాడు. సంతకం పెట్టాల్సిన సెక్రటరీ సీతంపేట కొండల్లో సిగ్నల్ అందని చోట ఉంటాడు. అకౌంటెంట్ అమ్మాయి ఇంటికి ఫోన్ చేసి "ఈ రాత్రికి రావడం ఆలస్యమవుద్ది" అని చెప్పేస్తుంది. ఎంత టెన్షన్ అయినా రిటర్ను వెళ్లి తీరుతుంది. వెళ్లకపోతే రిజిస్ట్రేషన్‌కే ఎసరు, అంటే జీతాలకే ఎసరు.

అదే అమ్మాయికి అదే ఏడాదిలో ఒక ప్రభుత్వ కార్యాలయం నుంచి వాట్సాప్‌లో ఒక ఎక్సెల్ షీట్ వస్తుంది. "మీ సంస్థ ఏ మండలంలో, ఏ గ్రామంలో, ఏ పని, ఎంత ఖర్చు, సాయంత్రంలోగా పంపగలరు." జిల్లాలో పనిచేసే సంస్థల మధ్య సమన్వయం కోసమట. ఉద్దేశం మంచిదే. ఆమె రెండు వరసలు నింపి, మిగతావి "వివరాలు తర్వాత" అని పెట్టి పంపేస్తుంది. ఎవరూ తిరిగి అడగరు. ఏడాది తిరక్కుండా ఆఫీసర్ బదిలీ, కొత్త ఆఫీసర్, కొత్త షీట్, వేరే కాలమ్‌లు. మనిషి అదే, అంకెలూ అవే. ఒకటి నింపకపోతే ఏదో ఆగిపోతుంది, ఇంకోటి నింపకపోయినా ఏమీ ఆగదు. అంతే తేడా.

పెద్ద అప్పుల్లోనూ ఇదే సూత్రం. హుద్‌హుద్ తుపాను తర్వాత ఉత్తర కోస్తా జిల్లాల కోసం 2015లో ప్రపంచ బ్యాంకు 25 కోట్ల డాలర్ల అప్పు మంజూరు చేసింది. అలాంటి ప్రాజెక్టుల్లో మామూలుగా రాష్ట్రం తన బడ్జెట్ నుంచి ముందు ఖర్చు పెడుతుంది, లెక్కలతో క్లెయిమ్ తయారుచేస్తుంది. ఆ క్లెయిమ్ ఢిల్లీలో ఎయిడ్ అకౌంట్స్ కంట్రోలర్ ఆఫీసు మీదుగా బ్యాంకుకు వెళ్తుంది, డాలర్లు కేంద్రానికి వస్తాయి, అక్కణ్ణుంచి రాష్ట్రానికి. 2005 నుంచి విదేశీ అప్పు ఏ షరతులతో వచ్చిందో అవే షరతులతో రాష్ట్రానికి బదిలీ అవుతోంది, రూపాయి పడిపోతే ఆ నష్టం కూడా రాష్ట్రం నెత్తినే. క్లెయిమ్ రాయకపోతే డబ్బు రాదు కాబట్టి ఆ లెక్క ఎవరూ గాలికి వదిలెయ్యరు. ఆ ఆఫీసు పెద్దగా ప్రచారం లేకుండా దశాబ్దాలుగా ఈ పని చేస్తోంది.

నెదర్లాండ్స్ కూడా ఈ కిటుకే పట్టుకుంది. 2016 నుంచి తమ విదేశాంగ శాఖ నిధులు తీసుకునే సంస్థలు ఐఏటీఐ ఫార్మాట్‌లోనే లెక్క చెప్పాలని షరతు పెట్టింది. బతిమాలితే రాని డేటా షరతు పెడితే వచ్చింది.

మరి మన పద్ధతే మేలా అంటే, సగమే. మనకు బలవంతం ఉంది, సమన్వయం లేదు. ఎఫ్‌సీఆర్ఏ పుట్టిందే నిఘా కోసం. డబ్బు ఎవరిచ్చారు, తీసుకున్నవాళ్లు నిబంధన తప్పారా అన్నది దాని పని. పక్క మండలంలో ఇంకో సంస్థ అదే పని చేస్తోందా అన్నది దానికి అక్కర్లేదు. 2022 జులైలో సంస్థల వార్షిక రిటర్నులు ఎఫ్‌సీఆర్ఏ వెబ్‌సైట్‌లో అందరికీ కనబడకుండా తీసేశారు, దాంతో ఉన్న కాస్త వెలుగూ పోయింది. అంతకుముందు నేనే ఎన్నోసార్లు పక్క సంస్థల రిటర్నులు తెరిచి, మా సంస్థలకు "మీరు వెళ్దామనుకుంటున్న ఊళ్లో వీళ్లు ఇప్పటికే ఉన్నారు" అని చెప్పిన రోజులున్నాయి.

ఇక చోటు సంగతి. ఎఫ్‌సీ-4లో ప్రాజెక్టు పేరు పక్కన చిరునామా లేదా ప్రదేశం అని ఒక గడి ఉంది. మావాళ్లు అందులో "శ్రీకాకుళం జిల్లా" అని కొట్టి ముందుకెళ్లిపోతారు. తప్పు వాళ్లది కాదు, గడి అంతకంటే ఏమీ అడగదు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను వచ్చి వెళ్లాక దాని ఫలితం కళ్లారా చూశాం. హైవే పక్క ఊళ్లలో టార్పాలిన్లు, దుప్పట్లు రెండేసి మూడేసి సంస్థలు పంచాయి. మందస, వజ్రపుకొత్తూరు లోపలి ఊళ్లకు దారి లేక, కబురు లేక ఆలస్యంగా చేరాయి. అలాంటి ఒక ఊళ్లో జీడితోట మొత్తం పోగొట్టుకున్న ఒక పెద్దావిడ అన్న మాట: "వచ్చినోలందరూ రాసుకొని ఎలిపోనారు బాబూ. ఎవులు రాసింది ఎవులికి సూపిస్తారో మరి." సమన్వయం గురించి ఇంతకంటే సూటిగా ఏ నివేదికలోనూ చదవలేదు నేను.

పైగా జిల్లా పేరు మీద నమ్మకం పెట్టుకుంటే ఏమవుతుందో మనకంటే బాగా ఎవరికి తెలుసు? 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. సాలూరు, కురుపాం విజయనగరం నుంచి, పాలకొండ, సీతంపేట శ్రీకాకుళం నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి. రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వచ్చింది. ఇప్పుడు పాత రికార్డులో "విజయనగరం జిల్లా, గిరిజన విద్య" అని ఉన్న ప్రాజెక్టు ఏ జిల్లాదని చెప్పాలి? పదేళ్ల ఖర్చు గ్రాఫ్ గీస్తే 2022లో విజయనగరానికి సాయం ఢమాల్‌మని పడిపోయినట్టు కనబడుతుంది. పడిపోయింది సాయం కాదు, సరిహద్దు జరిగింది. పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ దగ్గర లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ ఉంది. అందులో ప్రతి ఊరికీ, పంచాయతీకీ, మండలానికీ ఒక కోడ్. ప్రతి లైనులో ఊరి కోడ్ ఉంటే జిల్లా ఎటు పోయినా లెక్క ఊరితోనే ఉంటుంది. ఇంత చిన్న విషయం ఎఫ్‌సీ-4లో అడగకపోవడం నాకు అర్థం కాదు.

సొంతంగా కట్టుకునే దారిలో ఉన్న మంచి ఇదే. గడి మార్చాలంటే మనమే మార్చుకుంటాం, మన ఆర్థిక సంవత్సరం, మన ఊరి కోడ్‌లు, మన బడ్జెట్ పద్దులు పెట్టుకుంటాం. బంగ్లాదేశ్‌లో ఆర్థిక శాఖ కింద ఉండే, విదేశీ సాయం చూసే ఈఆర్‌డీ అనే విభాగం 2014లో ఎయిమ్స్ అనే డేటాబేస్‌ను అలాగే సొంతంగా కట్టుకుంది. మన ఎయిమ్స్ ఆసుపత్రికీ దీనికీ సంబంధం లేదు, పిల్లలు గూగుల్ చేసి కంగారు పడుతుంటారు. కంబోడియాలో అభివృద్ధి మండలి చాలా ఏళ్లుగా సొంత డేటాబేస్ నడుపుతోంది, ఎన్జీవోలకు కూడా అందులో చోటిచ్చింది. డబ్బు ఒకచోట నుంచి ఇంకోచోటికి చేతులు మారినప్పుడు అదే పది కోట్లను దాత ఒకసారి, శాఖ ఒకసారి, అమలు చేసే సంస్థ ఇంకోసారి రాసి ముప్పై కోట్లు చేసేసే జబ్బును పట్టుకోవడం కూడా లోపలివాళ్లకే సులువు. ఎవరు ఎవరికి ఇచ్చారో వాళ్లకు మొహాలతో సహా తెలుసు.

అలాగని సొంతది అనగానే పని అయిపోదు. బంగ్లాదేశ్‌లో విదేశీ డబ్బుతో నడిచే ఎన్జీవో ప్రాజెక్టులకు అనుమతి ఇచ్చేది 1990లో పెట్టిన ఎన్జీవో వ్యవహారాల బ్యూరో. అక్కడ ఎఫ్‌డీ-6 ఫారం పాస్ కాకుండా డబ్బు కదలదు. అంటే అక్కడ కూడా బలవంతం ఒక ఆఫీసులో, బొమ్మ మొత్తం చూపించాల్సిన డేటాబేస్ ఇంకో ఆఫీసులో. ఈ రెండూ కలవని చోట సొంత డేటాబేస్ కూడా మొదట ఎంత ఆర్భాటంగా ప్రారంభించినా మూలన పడే ప్రమాదం ఉంది. సర్వర్ రెన్యూవల్ మర్చిపోతారు, ఉత్సాహమున్న ఆఫీసర్ బదిలీ అవుతాడు, అప్‌డేట్ ఆగిపోతుంది.

కాబట్టి దేశాన్ని బట్టి నా సమాధానం మారుతుంది. విదేశీ సాయం బడ్జెట్‌లో పెద్ద వాటాగా ఉండే చిన్న దేశానికి సొంత డేటాబేసే మేలు, నిధుల విడుదలకు దాన్ని ముడిపెట్టాలి. విపత్తు వచ్చి పడితే ముందు రెడీమేడ్ తెచ్చుకుని తర్వాత సొంతానికి మారాలి. మనకు మాత్రం ఇంకో కొత్త పోర్టల్ వద్దు. మన బడ్జెట్ పరిమాణంలో విదేశీ సాయం కొంచెమే, అందులోనూ ఎక్కువ భాగం అప్పు. 2003లోనే చిన్న దాతల ద్వైపాక్షిక సాయం వద్దని, ఇవ్వాలనుకుంటే ఐక్యరాజ్య సమితి సంస్థల ద్వారానో ఎన్జీవోల ద్వారానో ఇవ్వండని చెప్పేశాం. ఇప్పుడు మనమే దాతలం. భారత్ నేపాల్‌కి ఇచ్చే సాయం లెక్కలు ఖాట్మండులో ఆర్థిక శాఖ నివేదికలో కనబడతాయి. అంటే దాతగా మన పేరు పక్కదేశం డేటాబేస్‌లో ఉంది గానీ, గ్రహీతగా శ్రీకాకుళం పేరు మన దేశంలో ఒక్కచోట లేదు.

మనకు కావలసింది ఉన్న రెండు గొట్టాలకు చిన్న అతుకు. క్లెయిమ్ ఫారంలో ఊరి కోడ్ గడి, ఎఫ్‌సీ-4లో ఆ "ప్రదేశం" గడి స్థానంలో కోడ్ ఎంచుకునే జాబితా, రెండూ కలిపి కలెక్టర్‌కూ ప్రజలకూ కనబడే ఒక పేజీ. గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్ ఉన్నాడు, ఈ పని మా ఊళ్లో నిజంగా జరుగుతోందో లేదో ఆరు నెలలకోసారి టిక్ పెట్టగలడు. మా అకౌంటెంట్ అమ్మాయికి అదనపు పని పది నిమిషాలు.

దీనికి ఒక అభ్యంతరం వస్తుంది, అది న్యాయమైనదే. అక్రమ రవాణా నుంచి బయటపడిన ఆడపిల్లల వసతి, హెచ్ఐవీ ఉన్నవాళ్లకు సేవ, ఇలాంటివి నడిపే సంస్థలు ఊరి పేరు బయటపెట్టలేవు. ఏజెన్సీలో పనిచేసే కొందరికి వేరే భయాలుంటాయి. వాటికి ప్రజల పేజీలో మండలం వరకే చూపిస్తే సరిపోతుంది. ఆ మినహాయింపు ముందే రాసిపెట్టుకోకపోతే మాత్రం మొదటి నెలలోనే అందరూ మళ్లీ "శ్రీకాకుళం జిల్లా" అని కొట్టడం మొదలెడతారు.

మిగతా ప్రత్యామ్నాయాల మీద ఎక్కువ సమయం పెట్టను. దాతల సమన్వయ సమావేశాలు మంచివే, టీ బాగుంటుంది, మినిట్స్ ఎవరూ చదవరు. గూగుల్ షీట్ ఒక మండలానికి సరిపోతుంది, రాష్ట్రానికి చాలదు. బ్లాక్‌చెయిన్ అని ఒకరు అడిగారు. లోపల తప్పు అంకె కొడితే అది చెరిగిపోకుండా భద్రంగా ఉంటుంది, అంతకుమించి ఏం లాభమో నాకు తెలియలేదు.

ఈ ఏడాది ప్రాజెక్టు రాసేవాళ్లు డిజైన్ బొమ్మలతో మొదలెట్టకండి. ఒక్క మండలం తీసుకోండి, కవిటి అయితే బాగుంటుంది, ఉద్దానం కిడ్నీ జబ్బు వల్ల అక్కడికి రకరకాల సంస్థలు వచ్చి వెళ్లాయి. డీ-పోర్టల్‌లో దొరికినవి ఒక షీట్‌లో, రాష్ట్రానికి విదేశీ అప్పుతో వచ్చిన ప్రాజెక్టుల్లో ఆ మండలాన్ని తాకినవి ఇంకో షీట్‌లో, సచివాలయాల్లో అడిగి తెలుసుకున్నవి మూడో షీట్‌లో రాయండి. ఊరి కోడ్ కాలమ్ మొదటి రోజే పెట్టుకోండి, తర్వాత పెడదామంటే ఇక పెట్టరు. అడిగేటప్పుడు సర్పంచ్‌తో పాటు డ్వాక్రా సంఘం లీడర్‌ను కూడా అడగండి, ఏ సంస్థ ఏం పంచి వెళ్లిందో వాళ్లకు బాగా గుర్తుంటుంది. మూడు షీట్లలో ఎన్ని వరసలు ఒకదానితో ఒకటి కలిశాయో లెక్క తేల్చుకుని రండి, డేటాబేస్‌లో ఏ గడులుండాలో అప్పుడు మాట్లాడుకుందాం.